విషం ఉండదని మేడం చెప్పింది

బందరులో బీఎస్సీ చదివిన మూడేళ్ళలో సత్యవాణికి బాగా నచ్చిన చోటు జువాలజీ ల్యాబు. గోడ పొడుగునా బీరువాలు, బీరువాల నిండా గాజు సీసాలు, వాటిలో పాలిపోయిన కప్పలూ తేళ్ళూ పాములూ. తోటి అమ్మాయిలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోతే ఈమె సీసాని రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుతుర్లో పెట్టి చూసేది. ఏ పాము తల మీద పొలుసులు పెద్దవో, దేనికి చిన్నవో, తోక కింద ఎట్లా ఉంటాయో రికార్డు పుస్తకంలో ఎంత చక్కగా బొమ్మ గీసిందంటే, లెక్చరరు ఆ పుస్తకాన్ని రెండేళ్ళపాటు జూనియర్లకి చూపించాడు.

ఎమ్మెస్సీ చెయ్యాలని ఉండేది. ఈలోగా గుడివాడలో పెళ్ళిచూపులు, చల్లపల్లిలో గుమాస్తా ఉద్యోగం చేసే గోపాలకృష్ణమూర్తితో పెళ్ళి, ఏడాదిన్నరకి ఒక బిడ్డ పుట్టి పోవడం, ఆ తర్వాత మూడేళ్ళకి హర్షిణి పుట్టడం వరసగా జరిగిపోయాయి. ఎమ్మెస్సీ గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. చల్లపల్లిలో ఒక అద్దె మేడలో నడిచే చిన్న ప్రైవేటు స్కూల్లో యూకేజీ టీచరుగా చేరింది. అయిదేళ్ళ పిల్లలు ముప్పైమంది. వాళ్ళ ముక్కులు తుడవడం, పలకలు దిద్దించడం, ఏ బీ సీ డీలు. ఇంత చదివి ఇదా అని పుట్టింటివాళ్ళు అన్నారు గానీ, ఆమెకి మాత్రం అక్కడ ఉన్నంతసేపూ హాయిగా ఉండేది.

ఒక్కటే ఆమెకి సరిపడేది కాదు. ఆ పిల్లలు తూనీగల తోకలకి దారాలు కట్టి ఎగరేసేవాళ్ళు. కుక్కపిల్ల కనిపిస్తే రాయి, తొండ కనిపిస్తే పుల్ల. మెట్ల కింద బల్లిని నలుగురు కలిసి చెప్పుతో కొడుతుంటే ఒకసారి ఆమె అడ్డం వెళ్ళింది. "ఎందుకురా దాన్ని చంపుతున్నారు? మిమ్మల్ని ఏం చేసింది?" అని అడిగితే ఒక్కడికీ జవాబు తెలియలేదు. చంపడానికి కారణం ఉండాలన్న సంగతే వాళ్ళకి కొత్త.

అప్పటినుంచి ఆమె క్లాసులోకి ప్రాణాలు తేవడం మొదలుపెట్టింది. సీసాలో తోకకప్పలు. నిమ్మకొమ్మ మీద గొంగళిపురుగు, అది గూడు కట్టుకుని, ఒక పొద్దున నల్లరెక్కల సీతాకోకచిలుకై బయటికి వస్తుంటే ముప్పైమందీ నోరెళ్ళబెట్టి చూశారు. ఆ పిల్లల్లో బాబీ అని ఒకడుండేవాడు. రిజిస్టర్లో హేమంత్. పురిటిగడ్డలో వ్యవసాయం చేసే జనార్దనరావు కొడుకు. తూనీగలు కట్టడంలో క్లాసు మొత్తానికి వాడే పెద్ద. సీతాకోకచిలుక ఎగిరిపోయిన మర్నాడు వాడు నిక్కరు జేబు నిండా నత్తలు పోసుకొచ్చి బల్ల మీద కుమ్మరించాడు. "ఇయ్యేం తింటాయి మేడం?" అన్నాడు.

ఆ ఏడే, రెండువేల మూడులో, వేసవి సెలవులైన రెండు నెలలకి స్కూలుకి ఒక కలర్ టీవీ, సీడీ ప్లేయరు వచ్చాయి. కరస్పాండెంటు ప్రకాశరావు వాటిని ఇంగ్లీషు రైమ్స్ కోసం తెప్పించాడు. సత్యవాణి మాత్రం విజయవాడ వెళ్ళినప్పుడు తన కోసం వేరే సీడీలు తెచ్చుకుంది. అడవి చుట్టాలు అనే బొమ్మల సీరియల్, తెలుగులోకి డబ్బింగ్ చేసినది. మిన్నీ, రాకీ అనే అక్కాతమ్ముళ్ళు పశువైద్యుడైన మామయ్యతో జీపులో అడవులన్నీ తిరుగుతారు. బోనులో పడ్డ చిరుతని విడిపిస్తారు, నూనె తెట్టులో చిక్కిన పక్షుల రెక్కలు కడుగుతారు, వేటగాళ్ళని వెంటపడి పట్టిస్తారు. కేబుల్లో కూడా ఆదివారాలు వచ్చేది గానీ చాలా ఇళ్ళలో ఆ టైముకి పెద్దవాళ్ళు సినిమా పెట్టుకునేవాళ్ళు. సత్యవాణి ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్లో ఒక భాగం వేసి, తర్వాత కాసేపు ఆ జంతువు గురించి మాట్లాడేది.

దాని వల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. దసరా సెలవుల నాటికి స్కూలు ఆవరణలో తూనీగకి దారం కట్టేవాడు లేడు. మెట్ల కింద ఈనిన కుక్కకి పిల్లలు తమ డబ్బాల్లోంచి పెరుగన్నం పెట్టేవాళ్ళు. బాబీ అయితే ఇంట్లో గేదెని కర్రతో అదిలించినందుకు తాత బసవయ్యతో ఒక పూటంతా మాట్లాడలేదట. "మీ చదువు మా నాన్న మీదికొచ్చింది మేడం" అని జనార్దనరావు మోపెడ్ ఆపి మరీ నవ్వుతూ చెప్పి వెళ్ళాడు.

పేరెంట్స్ మీటింగులో మాత్రం గొడవైంది. ఒక తండ్రి లేచి, "బొమ్మలు చూడ్డానికా అండీ మా పిల్లల్ని పంపేది? పక్క స్కూల్లో యూకేజీ వాడు ఇరవై ఎక్కాలు చెప్తున్నాడు" అన్నాడు. ఇంకొకాయన కళ్ళు పోతాయన్నాడు. ఒకామె, అందులో పిల్లలు పెద్దవాళ్ళకి ఎదురు చెప్తారనీ అవన్నీ మనకి పనికిరావనీ అంది. సత్యవాణికి మాట్లాడే అవకాశం వచ్చింది. ఆమె తూనీగల సంగతి చెప్పింది. ఎక్కాలు ఒక ఏడాది ఆగి నేర్చుకోవచ్చు, జాలి మాత్రం ఈ వయసులో రాకపోతే తర్వాత రాదు అంది. ఎక్కడా తడబడలేదు. బాబీ తల్లి అరుణకుమారి మూడో వరసలో కూర్చుని తల ఊపుతూనే ఉంది. మీటింగు అయ్యాక దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "మీరు బీఎస్సీ కదండీ. మీకు తెలిసినట్టు వాళ్ళకేం తెలుస్తుంది? మీరు వెయ్యండి, మేమున్నాం" అంది. ప్రకాశరావు కూడా సరే అన్నాడు.

సరైన అభ్యంతరం చెప్పింది ఒక్కతే. అది మీటింగులో చెప్పలేదు, ఆమెని మీటింగుకి ఎవరూ పిలవలేదు. ఆయా పెద్దింట్లమ్మ, కుర్చీలు సర్దుతూ అంది. "అమ్మా, ఆ బొమ్మలో పిల్ల దేన్ని చూసినా చేత్తో ఎత్తేసుకుంటంది. తేలునీ వదలదు, పాముని చూసినా పిల్లిపిల్లే అనుకుంటంది. మన పిల్లలు చూస్తన్నారు గందా?"

"బొమ్మలు అని వాళ్ళకి తెలుసు పెద్దింట్లమ్మా."

"మీకు తెలుసు. ఆళ్ళకి తెలుసో లేదో మరి" అని ఆమె కుర్చీలు ఎత్తుకుని వెళ్ళిపోయింది. అంతసేపు వాదించి గెలిచిన అలసటలో సత్యవాణి ఆ మాటని తలలోకి రానివ్వలేదు. అప్పటికే ముగ్గురు మూడు పనికిమాలిన అభ్యంతరాలు చెప్పారు, ఇది నాలుగోది అనుకుంది.

నవంబరు నెలలో ఒక శుక్రవారం కొండచిలువ భాగం వేసింది. వేటగాడి వలలో తగులుకుని తోక గాయపడ్డ కొండచిలువ పిల్లని మిన్నీ ఒట్టి చేతులతో ఎత్తుకుంటుంది. దాని ఒంటి మీద గుండ్రటి మచ్చలు చూసి చుక్కి అని పేరు పెడుతుంది. అట్టపెట్టెకి చిల్లులు పొడిచి, గడ్డి పరిచి, అందులో పెట్టుకుని మామయ్య దగ్గరికి తీసుకెళ్తుంది. మామయ్య మందు రాస్తాడు. చివర్లో చుక్కి మిన్నీ చెయ్యి చుట్టుకుని వదలదు. పిల్లలందరూ కళ్ళు తుడుచుకున్నారు.

టీవీ కట్టేశాక బాబీ లేచి నిలబడ్డాడు. "కరిస్తే మేడం?"

"కొండచిలువకి విషం ఉండదు నాన్నా. కరిచినా ఏం కాదు" అంది సత్యవాణి.

అదే ఆమె చెప్పింది. అది అబద్ధం కూడా కాదు. కానీ మన వైపు గడ్డివాముల్లో, కాలవ గట్ల మీద తిరిగేది కొండచిలువ కాదనీ, ఇక్కడ అలాంటి మచ్చలే ఉండే ఇంకో పాము ఉందనీ, దాన్ని ఆమె స్వయంగా సీసాలో చూసిందనీ, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుందనీ చెప్పాలని ఆ క్షణాన ఆమెకి తోచలేదు. పిల్లలు ఏడుస్తున్నారు, పాము కోసం ఏడుస్తున్నారు, ఆమెకి ఎంతో సంతోషంగా ఉంది.

కార్తీకమాసం వెళ్ళిన వారం. కోతలైపోయి ఇళ్ళ వెనక కొత్త గడ్డివాములు వేస్తున్న రోజులు. సోమవారం హాజరు పిలుస్తుంటే బాబీ పలకలేదు. పురిటిగడ్డ వైపు నుంచి వచ్చే ఆటో అతను, వాణ్ణి నిన్న పాము కరిచిందనీ అవనిగడ్డలో సూదులు వేసి విజయవాడ తీసుకెళ్ళారనీ చెప్పాడు. సత్యవాణి కంగారు పడింది, ప్రకాశరావుతో చెప్పింది, పిల్లలందరి చేతా దణ్ణం పెట్టించింది. ఆ సీమలో ఏటా ఎవరో ఒకరిని పాము కరవడం ఉన్నదే. అంతకు మించి ఆమె ఊహ వెళ్ళలేదు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆమె కూతురు హర్షిణి డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. హర్షిణిదీ ఆ క్లాసే.

"అమ్మా, బాబీని కరిచింది చుక్కి అంట."

"ఎవరు చెప్పారు?"

"అనూష. వాళ్ళ పక్కిల్లేగా. బాబీ గడ్డిలో చుక్కిని పట్టుకుని బూట్లపెట్టెలో పెట్టాడంట. ఇయ్యాళ నీకు చూపిద్దామని. మరి దానికి విషం ఉండదు కదమ్మా, ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళారు?"

సత్యవాణి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. హర్షిణి ఆమె మొహంలోకి చూస్తూ, "నువ్వే చెప్పావుగా" అంది.

రక్తపింజర. రక్తపింజర పిల్ల, ఒళ్ళంతా వరసగా గోధుమరంగు మచ్చలు, లావుపాటి ఒళ్ళు, మందంగా కదులుతుంది. తెలియనివాళ్ళు కొండచిలువ పిల్ల అనుకుంటారు. ఈ వాక్యం ఆమె రికార్డు పుస్తకంలో తన చేత్తో రాసింది, కింద గీత కూడా గీసింది.

బుధవారం సెలవు పెట్టి విజయవాడ వెళ్ళింది. ఆసుపత్రి వరండాలో జనార్దనరావు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రెండు మూత్రపిండాలూ పనిచెయ్యడం లేదని చెప్పాడు. చిగుళ్ళలోంచి నెత్తురు ఆగడం లేదట. అద్దంలోంచి చూడనిచ్చారు. మంచం మీద ఉన్నది బాబీ అని ఎవరో చెబితే తప్ప ఆమె గుర్తుపట్టలేకపోయేది. మొహం, మెడ, చెయ్యి అన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి. అరుణకుమారి ఒక మూల కింద కూర్చుని ఉంది. సత్యవాణిని చూసి లేవలేదు, పలకరించలేదు, చూపు తిప్పుకుంది.

"నిన్న మాట్లాడాడు మేడం" అన్నాడు జనార్దనరావు. "పాముని చంపేశారా నాన్నా అని అడిగాడు. లేదురా, కాలవ గట్టు మీద వదిలేశాం అన్నాను. పడుకున్నాడు."

నిజానికి పెట్టె తెరిచి చూసిన వెంటనే బసవయ్య దాన్ని చంపేశాడు. ఆ సంగతి చెప్పి జనార్దనరావు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

శనివారం పొద్దున బాబీ పోయాడు.

స్కూలుకి ఒకరోజు సెలవిచ్చారు. మర్నాడు ప్రకాశరావు ఆఫీసు గదిలోకి పిలిచి, టీవీని తాళం వేసిన గదిలో పెట్టించాననీ, కోతల రోజుల్లో పాము కరవడం మామూలేననీ, ఎవరైనా అడిగితే అంతకన్నా ఎక్కువ మాట్లాడొద్దనీ అన్నాడు. "మీరు ఏమన్నారో పిల్లలకి గుర్తుంటుందాండీ? అయిదేళ్ళ పిల్లలు. నాలుగు రోజుల్లో మర్చిపోతారు" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు. వాళ్ళకి గుర్తుంటుందనే ధీమాతోనే కదా ఇన్నాళ్ళూ పాఠం చెప్పింది అనుకుంది ఆమె. పైకి అనలేదు.

భర్తకి చెప్పింది. గోపాలకృష్ణమూర్తి చాలాసేపు విని, "నువ్వు కావాలని చెప్పలేదుగా" అన్నాడు. ఆ రోజు అదే మాట మూడుసార్లు అన్నాడు. మూడోసారి ఆమె లేచి వేరే గదిలోకి వెళ్ళింది. కావాలని చేసిన తప్పయితే దానికి ఒక పేరుంటుంది, శిక్ష ఉంటుంది. దీనికి ఏదీ లేదు.

బాబీ తల్లిదండ్రులకి నిజం చెప్పేయాలని నిర్ణయించుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. వాళ్ళు తిడతారు, తిట్టాలి. జనార్దనరావు కొడతాడేమో, కొట్టనీ. ఊళ్ళో తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, పోనీ. ఇలా అన్నిటికీ సిద్ధపడి ఒక మధ్యాహ్నం ఒక్కతే పురిటిగడ్డ వెళ్ళింది. మగవాళ్ళు మినుము చల్లిన చేను చూడ్డానికి వెళ్ళారు. అరుణకుమారి వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. దొడ్లో గడ్డివాము లేదు, పీకేసిన చోట నేల నల్లగా ఉంది.

"అరుణగారూ, మీకొక మాట చెప్పాలి. మీవారు వచ్చేదాకా ఉంటాను, ఇద్దరికీ చెప్తాను. ఆ పాముకి విషం ఉండదని..."

"మీరే చెప్పారు. తెలుసండీ" అంది అరుణకుమారి.

అరుణకుమారి గుమ్మంలోంచి లేచి వీధి తలుపు గడియ వేసి వచ్చింది. వచ్చి కింద కూర్చుని, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"ఆదివారం పొద్దున పదకొండింటికండీ. చెయ్యి చూపించాడు. రెండు చుక్కలు, కాస్త నెత్తురు. ఏంట్రా అంటే చుక్కి కరిచిందమ్మా అన్నాడు. చుక్కి ఎవర్రా అంటే కొండచిలువ పిల్ల, విషం ఉండదు, మేడం చెప్పింది అన్నాడు. నేను పెట్టె తెరిచి చూడలేదు. ఏ తొండో పట్టుకుని ఉంటాడు అనుకున్నా. ఒకవేళ వాడన్నట్టు పామే అయినా విషం ఉండదని మీరు చెప్పారంటున్నాడు గదా అనుకున్నా. పసుపు రాశాను. అన్నం పెట్టాను. చెయ్యి లాగుతోందమ్మా అంటే పడుకోబెట్టాను. మావయ్యగారు రెండున్నరకి చేలోంచి వచ్చి పెట్టె చూసేదాకా... మూడున్నర గంటలండీ. మూడున్నర గంటలు వాణ్ణి పక్కలో వేసుకుని జోకొట్టాను."

సత్యవాణి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. అరుణకుమారి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మా ఆయనకి ఇది తెలియదు. మావయ్యగారు రావడానికి కాస్త ముందే కరిచిందని చెప్పాను. మీరిప్పుడు ఆయనకి మీ సంగతి చెప్తే, వాడు ఎప్పుడన్నాడు, ఎవరితో అన్నాడు అని అడుగుతారు. అన్నీ బయటికొస్తాయి. చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను. మీరు చెప్పేసి వెళ్ళిపోతారు, నేను ఈ ఇంట్లో ఉండాలి."

చేతులు జోడించింది కూడా. సత్యవాణి జనార్దనరావు రాకముందే బయల్దేరి వచ్చేసింది. తిరుగు ఆటోలో ఆమెకి ఏడుపు రాలేదు. తను తెచ్చుకున్న మాట ఇంకా తన దగ్గరే ఉంది. ఇకమీదట ఎక్కడా దించుకోవడానికి లేదన్న సంగతి మాత్రం అర్థమైంది.

క్లాసులో ఆమె ఇప్పుడు వేరే మాటలు చెప్పడం మొదలుపెట్టింది. పాము కనిపిస్తే దూరంగా పరిగెత్తండి. దేన్నీ ముట్టుకోకండి. గడ్డిలో చెయ్యి పెట్టకండి. రాళ్ళు ఎత్తకండి. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు. సంక్రాంతి సెలవులైన వారానికి, ఒక మధ్యాహ్నం నలుగురు పిల్లలు కేరింతలు కొడుతూ క్లాసులోకి పరిగెత్తుకొచ్చారు. ముందున్న వాడి చేతిలో కర్ర, కర్రకి వేళ్ళాడుతూ తల చితికిన పాము. స్కూలు వెనక మురికిగుంటలోంచి వచ్చిన నీరుకట్టు పాము, ఎవరికీ ఏ హానీ చెయ్యనిది.

"మేడం! చంపేశాం మేడం!"

క్లాసంతా ఆమె ఏమంటుందా అని చూస్తోంది. దానికి నిజంగానే విషం లేదని చెప్పాలి. అదే మాటని ఇంకోసారి, అదే గదిలో. ఆమె నోరు తెరిచింది.

"మంచి పని చేశారు" అంది. "బయట పారేసి చేతులు కడుక్కోండి."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఆమె మూడుసార్లు స్నానం చేసింది.

ఆ సీరియల్ చెడ్డదా? ఈ ప్రశ్న ఆమెని వదల్లేదు. హర్షిణి స్కూలుకెళ్ళిన ఒక రోజు తను సెలవు పెట్టి, సీడీ ప్లేయరు అద్దెకి తెచ్చి, సీడీలన్నీ ఒక్కతే మళ్ళీ వేసుకుని చూసింది. ఎక్కడా చెడ్డమాట లేదు, రక్తం లేదు. తీసినవాళ్ళకి జంతువుల మీద ఉన్న ప్రేమ ప్రతి బొమ్మలోనూ కనిపిస్తోంది. కానీ మిన్నీ పాముని ఎత్తుకున్న ప్రతిసారీ ఆమె వెనకే మామయ్య ఉన్నాడు, మందుల పెట్టె ఉంది. పదేళ్ళవాడు ఆ మామయ్యని కూడా చూస్తాడు. అయిదేళ్ళవాడు పామునీ, ఎత్తుకున్న చేతినీ తప్ప ఇంకేమీ చూడడు. వాడికి ఆ అడవికీ తన దొడ్డికీ మధ్య గోడ లేదు. ఆ గోడ కట్టవలసిన మనిషి టీవీ పక్కన నిలబడి ఉంది, బీఎస్సీ చదివిన మనిషి, ఆ రోజు పిల్లల కన్నీళ్ళు చూసి మురిసిపోతూ.

ఈ మాటలే ఒక ఉత్తరంగా రాసి సీడీ అట్ట మీదున్న చిరునామాకి పంపింది. ఒక పిల్లవాడు పోయాడని కూడా రాసింది. చిన్నపిల్లలకి వేసేముందు ఒక హెచ్చరికైనా పెట్టండి, ఇక్కడి పాముల సంగతి ఒక్క నిమిషం చెప్పించండి అని అడిగింది. రెండు నెలలకి ఒక కవరు వచ్చింది. అందులో అచ్చువేసిన ఇంగ్లీషు కాగితం ఒకటి. మా కార్యక్రమం మీకు నచ్చినందుకు ధన్యవాదాలు, మీ పిల్లలకి ఈ చిన్న కానుక అని ఉంది. కానుక ఒక స్టిక్కర్ల కాగితం, చిరుతపులి, చిలక, ఏనుగు పిల్ల, నవ్వుతున్న కొండచిలువ. ఉత్తరం ఎవరూ చదవలేదు. హర్షిణి చూడకుండా ఆ స్టిక్కర్లని పొయ్యిలో పెట్టింది.

ఆ ఏడు పరీక్షలయ్యాక ఉద్యోగం మానేసింది. గోపాలకృష్ణమూర్తి గుడివాడకి బదిలీ చేయించుకున్నాడు. గుడివాడలో ఆమె రెండో అంతస్తులో ఇల్లు కావాలంది, చుట్టూ సిమెంటు ఉండాలంది, మొక్కల కుండీలు వద్దంది. హర్షిణి సాయంత్రం ఆడుకోవడానికి కిందికి దిగాలంటే అమ్మ వెంట ఉండాలి. ఒకప్పుడు గొంగళిపురుగుని వేలి మీద పాకించుకున్న పిల్ల, తొమ్మిదేళ్ళు వచ్చేసరికి బొద్దింకని చూస్తే మంచమెక్కి కెవ్వుమని అరిచేది. నేర్పింది తనేనని సత్యవాణికి తెలుసు. మాన్పించడానికి ధైర్యం చాలలేదు.

రెండువేల ఏడులో, బందరులో ఒక పెళ్ళికి వెళ్ళి వస్తూ పామర్రులో బస్సు మారడానికి దిగింది. మధ్యాహ్నం ఎండ. గుడివాడ బస్సు కోసం నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో "మేడం గారూ!" అని పిలిచారు.

జనార్దనరావు. తల సగం నెరిసింది. పక్కన అరుణకుమారి, ఆమె చంకలో రెండేళ్ళ ఆడపిల్ల. అరుణకుమారి మొహం సత్యవాణిని చూసిన క్షణంలో తెల్లబోయింది.

"ఎన్నాళ్ళకి కనిపించారు మేడం! ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారంట. మీరు వెళ్ళాక ఆ స్కూలు స్కూల్లా లేదు" అన్నాడు జనార్దనరావు. "మా బాబీకి మీరంటే ప్రాణం మేడం. ఆసుపత్రిలో కూడా మీ పేరే. మేడంకి చూపించాలి, మేడంకి చూపించాలి అనేవాడు. ఏం చూపించాలో మాకర్థం కాలేదు" అన్నాడు.

అరుణకుమారి కళ్ళు సత్యవాణి మీదే ఉన్నాయి. చంకలో పిల్లని ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకుంది.

"పాప పేరేంటండీ?" అంది సత్యవాణి.

"నాగశ్రీ. మా నాన్న పెట్టాడు. వచ్చే ఏడాదికి బళ్ళో వెయ్యాలి. మీరు చల్లపల్లిలోనే ఉంటే మీ దగ్గరే వేసేవాళ్ళం" అన్నాడు జనార్దనరావు. "పిల్లలకి మీలాగా చెప్పేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు మేడం?"

సత్యవాణి పెదవులు కదిలాయి. చెప్పాల్సిన మాట అక్కడే ఉంది. ఇంతలో అరుణకుమారి అడ్డొచ్చి, "మీ పాప బాగుందాండీ? ఏం చదువుతోంది?" అని అడిగింది, చాలా మామూలుగా, బతిమాలుతున్నట్టు.

"నాలుగు" అంది సత్యవాణి. "బాగుందండీ."

గుడివాడ బస్సు వచ్చింది. జనార్దనరావు ముందు పరిగెత్తి కండక్టరుని పిలిచి, కిటికీ పక్కన ఆమెకి సీటు పట్టించాడు. ఆమె సంచీ తనే పైకి అందించాడు. బస్సు కదిలేదాకా ఎండలో కింద నిలబడే ఉన్నాడు, నమస్కారం పెట్టి. ఆమె కూడా చేతులు జోడించింది. పిల్లతో పాటు అరుణకుమారి అప్పటికే నీడలోకి వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.